పట్టణములో విద్యార్థికి తలదాచుకొను చోటు

పల్లె విడిచి పట్టణమునకు వచ్చిన విద్యార్థి రెండు తలుపులు తట్టవలసియుండును. మొదటిది కళాశాల తలుపు. రెండవది తాను రాత్రి తలవాల్చుటకు కావలసిన యింటి తలుపు. మార్కుల పట్టిక చూపినచో మొదటి తలుపు తెరచుకొనును. రెండవ తలుపు తెరచుటకు మార్కులు చాలవు. అచ్చట ధనము, పరిచయము, కులము, మతము, స్త్రీపురుష భేదము, భోజనపు అలవాటు అన్నియు ప్రశ్నలై నిలుచును. మన దేశమున ఆధునిక విద్య వ్యాపించిన చరిత్రను వ్రాసినవారు మొదటి తలుపును గూర్చి విరివిగా వ్రాసిరి. రెండవ తలుపును గూర్చి తెలుగున వ్రాసినవారు అరుదు. ఈ మహాసభ యెదుట బాలికల వసతిగృహ ప్రతిపాదన యున్నందున, ఆ చరిత్రను మా శక్తికొలది సంగ్రహముగా సోదరసోదరీమణుల ముందుంచుచున్నాము.

పూర్వకాలమున గురువుగారి యిల్లే పాఠశాల, అదియే వసతిగృహము. విద్యార్థి గురువునకు శుశ్రూష చేయుచు అచ్చటనే తిని, అచ్చటనే పరుండి చదువుకొనెడివాడు. గురువు పేదయైనచో ఊరిలోని గృహస్థులు ఆ భారమును పంచుకొనెడివారు. దానినే మనవారు వారములు చెప్పుకొనుట యనిరి. ఏడిండ్లవారు వారమునకొక దినము చొప్పున ఒక పిల్లవానికి అన్నము పెట్టుటకు ఒప్పుకొనెడివారు. సోమవారమొక యిల్లు, మంగళవారమొక యిల్లు. ఒక్క గృహస్థునకు అది భారము కాదు. పిల్లవానికి మాత్రము ఏడు దినములును గడచును. చేత కాసు లేకున్నను చదువు సాగును. ఇంగ్లీషు బడులు వచ్చిన తరువాత గూడ ఈ పద్ధతి చాల కాలము నిలిచినది. వారములు చేసికొని హైస్కూలు చదివి, వకీళ్లై, ఉపాధ్యాయులై, పేరుగాంచినవారు తెలుగునాట నెందరో గలరు. ధనముతో పనిలేని ఇంతటి చక్కని సహకార పద్ధతి మరియొకటి యుండెనా యని మాకు తోచును.

అయితే ఆ పద్ధతికొక గోడ యుండెను. వారమిచ్చు గృహస్థుడు తన పంక్తిలో కూర్చుండదగినవానికే అన్నము పెట్టును. బ్రాహ్మణ బాలునకు బ్రాహ్మణుల యిండ్లు ఏడు దొరకవచ్చును. సాలెవాని కొడుకునకు, కల్లుగీయువాని కొడుకునకు, కుమ్మరివాని కొడుకునకు పట్టణములో ఏ యింట వారము దొరకును? స్వకులమువారు పట్టణమున నున్నచో వారే కూలిచేసికొని బ్రతుకువారు. మాల మాదిగల బిడ్డల మాట చెప్పనక్కరలేదు. వారికి వీధియే పరాయిది.

ధనమిచ్చి భోజనము చేయు ఏర్పాటును మనకు ప్రాచీనమైనదే. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామములో పూటకూటి యింటి ప్రసక్తి యున్నది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. అందలి పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడుండడు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను చదివించిన సంగతి లోకప్రసిద్ధము. భర్త పోయిన యిల్లాండ్రు తమ చేతివంటనే జీవనాధారము చేసికొని, ఎందరో బాటసారులకును విద్యార్థులకును అన్నము పెట్టిరి. ఇచ్చటను పంక్తిభేదము తప్పలేదు. వారములకు కావలసినది కులము. పూటకూళ్లకు కావలసినవి కులమును, ధనమును.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. నాటి నుండి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలయు వరకు సర్కారు, సీమ జిల్లాల తెలుగువారికి పట్టములిచ్చినది అదియే. రాజమహేంద్రవరము, కాకినాడ, విజయనగరము, బందరు, గుంటూరు పట్టణములలో కళాశాలలున్నను న్యాయశాస్త్రము వంటి చదువులకు మద్రాసునకే పోవలసియుండెను. తెలుగు విద్యార్థి ఆ మహానగరమున దిగి తిరువల్లిక్కేణిలోనో, మైలాపూరులోనో, జార్జిటౌనులోనో గది వెదకుకొనెడివాడు. భాష వేరు, పరిచయములు తక్కువ. కొందరు విద్యార్థులు కలసి యొక చిన్న యిల్లు అద్దెకు తీసికొని, వంటవానిని పెట్టుకొని, నెలాఖరున ఖర్చు పంచుకొనెడివారు. మెస్సు అను మాట మన భాషలో స్థిరపడినది ఇట్టి యేర్పాటుల వలననే.

ఈ మెస్సులో చేరుటకు నెలనెలకు నిలుకడగా డబ్బు వచ్చు యిల్లు వెనుక నుండవలయును. భూమి గలవారికి పంట వచ్చును. ఉద్యోగికి జీతము వచ్చును. మన కులపు యింటి స్థితి వేరు. ఒకే గదిలో గుంటమగ్గము సగము స్థలము నాక్రమించియుండగా, మిగిలిన సగములో వంటయు, నిద్రయు, పసిబిడ్డల యాటలును సాగెడివి. కూలి చీరల లెక్కపై వచ్చును. నూలు ధర పెరిగినను, షాహుకారు సరకు తీసికొనకున్నను మగ్గము ఆగిపోవును. మగ్గము ఆగినంతమాత్రమున పట్టణములో గది అద్దె ఆగదు. ఈ యొక్క చిక్కు వలననే తెలివిగల పిల్లలను గూడ మనవారు హైస్కూలుతో మరల్చి మగ్గము గుంటలో కూర్చుండబెట్టిరి. అందు తలిదండ్రుల తప్పేమియు లేదు.

మద్రాసులో ఈ చిక్కును గుర్తించి పనిచేసినవారిలో సి. నటేశ మొదలియారుగారు ముఖ్యులు. ఆయన వృత్తిచేత వైద్యులు. బ్రాహ్మణేతర విద్యార్థులకు నగరమున గదులు దొరకుట లేదనియు, భోజనము దొరకుట మరింత కష్టమనియు చూచి, 1914–16 ప్రాంతమున తిరువల్లిక్కేణిలో ద్రావిడ గృహమను పేర నొక వసతిగృహమును నడిపిరి. ధనము చాలక అది యెక్కువ కాలము నిలువలేదు. అయినను ఒక సంగతిని అది రుజువు చేసినది. జస్టిస్ పార్టీ రాజకీయముల జయాపజయములెట్లున్నను, ఆ యుద్యమమునకు మూలమైన బాధలలో విద్యార్థి గది బాధ యొకటి.

ఇదే కాలమునకు కొంత ముందుగా కొల్హాపురమున ఛత్రపతి శాహూ మహారాజుగారు ఈ విషయమున దేశమునకు మార్గదర్శులైరి. 1896లో ఆయన అన్ని కులములవారికిని ఒకే వసతిగృహమును ఏర్పరచిరి. అందు వెనుకబడిన కులములవారు నిలువలేకపోయిరి. కలసియుండుమని చెప్పినంతమాత్రమున, బలహీనునకు బలవంతుని ప్రక్కన చోటు దొరకదని ఆయన గ్రహించిరి. 1901లో మరాఠా విద్యార్థుల వసతిగృహము వెలసినది. తరువాత జైనులకు, ముస్లిములకు, లింగాయతులకు, ఇంకను పలు వర్గములవారికి వేరువేరు గృహములు ఆయన యాదరణతో నేర్పడినవి. 1908లో అస్పృశ్యులని దూరముంచబడినవారి బిడ్డలకు మిస్ క్లార్కు పేర వసతిగృహము తెరువబడినది. భూములిచ్చి, గ్రాంట్లిచ్చి, కొల్హాపురమును విద్యార్థి వసతిగృహముల పట్టణముగా ఆయన చేసిరి. కుల వసతిగృహమను భావమునకు మన దేశమున ఇంతకంటె గొప్ప యుదాహరణము లేదు. ఆయన ఉద్దేశము కులమును శాశ్వతము చేయుట కాదని మరువరాదు. వెనుకబడినవాడు పట్టణమున నిలద్రొక్కుకొనుటకు కులమునొక మెట్టుగా వాడిరి.

ఇక మన హైదరాబాదు సంగతి. 1908లో మూసీ వరద నగరమును ముంచినది. వేల ప్రాణములు పోయినవి. ఆ వెనుక ప్లేగు వచ్చినది. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి ఇరుకు పేటలను కూల్చి రాచబాటలు వేసినది. నగరము బాగుపడినది గాని, పేదవానికి చౌకగా దొరకెడి కొంపలు తగ్గినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఆ మహావిద్యాలయము గూడ మొదట అద్దె యిండ్లలోనే నడచినది! అడిక్‌మెట్టులో నిర్మించిన ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమైనది 1939లో. విశ్వవిద్యాలయమునకే స్వంత గూడు లేని దినములలో జిల్లాలనుండి వచ్చిన తెలుగు విద్యార్థి స్థితి యెట్లుండునో ఊహింపవచ్చును. అచ్చటి బోధనాభాష ఉర్దూ. ఇల్లు అద్దెకిచ్చువారి భాష తరచుగా ఉర్దూయే. వచ్చిన పిల్లవాని భాష తెలుగు.

ఆ 1918వ సంవత్సరముననే వేంకటరామారెడ్డిగారు పలువురి సహాయముతో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. ఆయన 1920లో నగర కొత్వాలు పదవి నలంకరించి 1934 వరకు నిర్వహించిరి. రాజబహద్దరు బిరుదము పొందిరి. పోలీసు అధికారిగా ఆయనకున్న పలుకుబడియంతయు ఆ వసతిగృహమునకు ఉపయోగపడినది. సంస్థానాధీశులును, దేశముఖులును విరాళములిచ్చిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ గృహ నిర్వహణమున పాలుపంచుకొనిరి. ఆయన 1926లో గోలకొండ పత్రికను స్థాపించి తెలంగాణ చైతన్యమునకు గొంతునిచ్చిన మహనీయులు. రావి నారాయణరెడ్డిగారి వంటి ప్రజానాయకుడు విద్యార్థిగా ఆ గృహమున నుండినవారే. దొరల ధనముతో లేచిన యింటిలో పెరిగిన పిల్లవాడు, పెద్దవాడై, దొరతనమును ఎదిరించు రైతాంగ పోరాటమున ముందు నిలిచెను. గ్రంథాలయము, వార్తాపత్రిక, సాయంకాలపు చర్చ, సమవయస్కుల సాంగత్యము ఒకచోట చేరినచో ఏమి పుట్టునో కట్టించినవారు ముందుగా చెప్పజాలరు.

ఆ దారినే తక్కిన కులములవారును నడచిరి. కాచిగూడలో వైశ్యులును, మున్నూరుకాపులును, నారాయణగూడలో పద్మశాలీలును, హిమాయత్‌నగరున గౌడులును విద్యార్థి గృహములు నిలిపిరి. వీని వెనుక జాగీర్లు లేవు, సంస్థానములు లేవు. ఇట్టి గృహములు లేచిన తీరు తెలియనివారు మనలో లేరు. ఒకరు గదికి విరాళమిత్తురు. గది గోడకు వారి తండ్రి పేర శిలాఫలకము పెట్టుదురు. ఒకరు సిమెంటు, ఒకరు తలుపులు, ఒకరు సంవత్సరమునకు సరిపడు బియ్యము ఇత్తురు. పెండ్లిలో వధూవరుల పేర కొంత సొమ్ము సంఘమునకు చదివింతురు. గ్రామ పెద్ద సంతకము చేసిన చీటి పట్టుకొని పిల్లవాడు బస్సు దిగి నేరుగా వచ్చును. అడ్వాన్సు అడుగువాడు లేడు. నీవెవరని అనుమానించువాడు లేడు. గదికి నలుగురైనను, చాప పరచుకొనియైనను, మొదటి రాత్రి తలదాచుకొను చోటు దొరకును. నగరములో మొదటి రాత్రి గడచిన పిల్లవాడు మరల ఊరికి పారిపోడు. ఈ గృహముల సేవయంతయు ఆ యొక్క మాటలో నున్నది.

వసతి పోయినచో చదువు పోవుననుటకు ప్రబల నిదర్శనము 1938లో కనబడినది. ఉస్మానియా వసతిగృహములలో హిందూ విద్యార్థులు ప్రార్థన మందిరమున వందేమాతర గీతమును పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లోబడలేదు. వందలాది విద్యార్థులు వసతిగృహములనుండియు, విద్యాలయములనుండియు వెలివేయబడిరి. ఉద్యమము ఇతర పట్టణముల కళాశాలలకు వ్యాపించినది. నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురిని చేర్చుకొని కాపాడినది. వరంగల్లున చదువుచు ఆ యుద్యమమున పాల్గొని నాగపూరునకు పోయి చదువు సాగించినవారిలో, తరువాత భారత ప్రధానియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారొకరు. గది తాళము ఎవని చేతిలో నుండునో, విద్యార్థి గొంతుపై గూడ వాడు అధికారము చేయజూచును. ప్రజలు తమ సొమ్ముతో స్వంత వసతిగృహములు నిలుపుకొనుటకు ఇదియు నొక కారణముగా మేము భావించుచున్నాము.

ఇంతవరకు చెప్పినది మనకు గర్వకారణమైన కథ. ఈ చరిత్రకు రెండవ ముఖము గలదు. దానిని దాచిపెట్టుట ధర్మము కాదు.

డాక్టరు అంబేడ్కరుగారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివినప్పుడు ఆయన కులమును అడిగినవారు లేరు. అచ్చటి విద్యార్థి గృహములలో తక్కినవారితో పాటుగా నివసించిరి. విదేశవిద్యకు బరోడా సంస్థానమువారు వేతనమిచ్చిరి గనుక, ఒప్పందము ప్రకారము 1917లో ఆయన బరోడాకు ఉద్యోగమునకు వచ్చిరి. రైలు దిగినది మొదలు ఉండుటకు చోటు దొరకలేదు. హిందువుల హోటళ్లు చేర్చుకొనవు. కడకు ఒక పార్సీ సత్రమున పార్సీ పేరు పెట్టుకొని దిగిరి. పదునొకండవ దినమున కఱ్ఱలు పట్టుకొని ఒక గుంపు వచ్చి ఆయనను వెళ్లగొట్టినది. మిత్రుల యిండ్లలోను చోటు దొరకలేదు. ఉద్యానవనమున కూర్చుండి ప్రొద్దుపుచ్చి, రాత్రి రైలునకు బొంబాయికి మరలిరి. కొలంబియాలో చదువుకొన్న పండితునకు ఒక గది దొరకలేదు! ఈ యవమానమును ఆయన జీవితాంతము మరువలేదు. ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ 1925లో షోలాపురమున విద్యార్థి వసతిగృహమును తెరచినది. మన నేతవారు వేలకొలది వలసపోయి మగ్గములపైనను మిల్లులలోను పనిచేసిన షోలాపురమే అది.

తెలుగునాట కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పిఠాపురము మహారాజావారి యాదరణతో దళితుల బిడ్డలకు వసతియు విద్యయు నేర్పరచిరి. ఆ బిడ్డలు ఆయన కులమువారు కారు. పరుల బిడ్డకు చోటిచ్చినవాని పేరు నేటికిని గౌరవముతో తలచుచున్నాము. తన కులమువారికి మాత్రమే చోటిచ్చినవాని పేరు ఆ కులము వారు మాత్రమే తలచుచున్నారు.

స్త్రీల సంగతి మరింత విచారకరము. వారములు ఆడపిల్లలకు లేవు, పూటకూళ్ల యిండ్లు లేవు, మెస్సులు లేవు. కుల వసతిగృహములు గూడ మొదట మగపిల్లలకే. దుర్గాబాయమ్మగారు 1930 దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరగోరినప్పుడు, స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుట సాధ్యము కాదని ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరి. అప్పటికే ఆమె ఉప్పు సత్యాగ్రహమున చెరసాల చూచివచ్చిన ధీర. ఆమె వెనుదిరుగలేదు. చదువగోరియు వసతి లేక ఆగిపోయిన స్త్రీలు తనకు వ్రాయుడని పత్రికలో ప్రకటించిరి. అట్టివారు కొందరు ముందుకు వచ్చిరి. వారందరు కలసి తామే వసతి యేర్పరచుకొనిరి. విశ్వవిద్యాలయమునకు ఇక చెప్పుటకు సాకు లేకపోయెను. ఆమె తరువాతి కాలమున మద్రాసులో 1937లో అంకురించిన ఆంధ్ర మహిళా సభను మహావృక్షముగా పెంచిరి; రాజ్యాంగ సభలో కూర్చుండిరి. వసతిగృహము లేదను ఒక్క మాటకు ఆమె తలయొగ్గియున్నచో దేశమునకు ఎంత నష్టము కలిగెడిదో! తలయొగ్గిన ఆడపిల్లలు ఎందరో లెక్కించువారెవరు?

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ప్రభుత్వమువారు ఈ బాధ్యతను చాల వరకు చేపట్టిరి. 1944లోనే దళిత విద్యార్థులకు మెట్రిక్కు తరువాతి చదువులకు వేతనములు ప్రారంభమైనవి. 1951లో రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, సాంఘికముగా, విద్యలో వెనుకబడినవారికి ప్రత్యేక సదుపాయములు చేయుటకు మార్గము సుగమమైనది. సంక్షేమ వసతిగృహములు తాలూకా కేంద్రములకు వ్యాపించినవి. వానిలోని అన్నము రుచిని గూర్చి ఎన్ని మాటలన్నను, లక్షల బిడ్డలకు అవియే విద్యాద్వారములైనవి. మన కులపు పిల్లలును వానివలన లాభము పొందినవారే.

అయినను చదువగోరి నగరమునకు వచ్చువారి సంఖ్య వసతిగృహముల సంఖ్యకంటె వేగముగా పెరిగినది. నేడు హైదరాబాదున అమీరుపేటలో కంప్యూటరు చదువులకు, అశోక్‌నగరు, చిక్కడపల్లి ప్రాంతములలో ఉద్యోగ పరీక్షలకు, దిల్‌సుఖ్‌నగరున పలువిధములైన కోచింగులకు వచ్చినవారు ప్రైవేటు హాస్టళ్లలో దిగుచున్నారు. అచ్చట గది అద్దెకీయబడదు, మంచము అద్దెకీయబడును. గదికి ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. మంచముల సంఖ్య పెరిగినకొలది అద్దె తగ్గును; గాలియు తగ్గును. అడ్వాన్సు ముందు చెల్లింపవలయును. విడిచిపోవునప్పుడు అది మరల చేతికి వచ్చుట యజమాని దయపై నాధారపడియుండును. స్వంతముగా గది వెదకుకొందమన్నచో టు-లెట్ బోర్డు క్రింద ఫ్యామిలీలకు మాత్రమే యని వ్రాసియుండును. మరికొన్ని యిండ్లలో శాకాహారులకు మాత్రమే యని చెప్పుదురు. ఆ మాటకు అర్థమేమో అడుగువానికిని చెప్పువానికిని తెలియును. పూర్వము కులమేదని సూటిగా అడిగెడివారు. నేడు కూరయేదని యడుగుచున్నారు.

ఇది మా యూహ మాత్రము కాదు. సుఖదేవ్ థోరట్ మొదలగు పరిశోధకులు ఢిల్లీ నగర ప్రాంతమున అద్దె యిండ్లను గూర్చి పరీక్ష జరిపి 2015లో ఫలితములు ప్రకటించిరి. ఒకే విధమైన సంపాదన, ఒకే విధమైన అవసరము గలవారు పేర్లు మాత్రము వేరుగా చెప్పి యిల్లు అడిగిరి. అగ్రకులపు పేరు చెప్పినవారికంటె దళితులకును, ముస్లిములకును నిరాకరణములు చాల హెచ్చుగా ఎదురైనవి. బరోడాలో 1917లో జరిగినది రూపము మార్చుకొని దేశ రాజధానిలో నూరేండ్ల తరువాత గూడ నిలిచియున్నదని దీనివలన తేటపడుచున్నది.

ఈ చరిత్రనుండి మన సంఘము గ్రహింపవలసిన దేమి? మేము మూడు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది. మనము కట్టబోవు గృహము బాలికలదే కావలయును. మగపిల్లవానికి నగరమున నేదో యొక మూల దొరకును. స్నేహితుని గదిలో నేలపైనైనను పరుండును. ఆడపిల్లకు అట్లు సాధ్యము కాదు. సీటు వచ్చినను నమ్మకమైన వసతి లేదని తలిదండ్రులు ఆమెను ఊరిదగ్గర కళాశాలలో చేర్చుదురు, లేదా పెండ్లి చేయుదురు. ఒక మంచమునకు మనమిచ్చు విరాళము ఒక పెండ్లిని నాలుగేండ్లు వాయిదా వేయగలదు. అంతకంటె మంచి కట్నము మన కులపు ఆడపిల్లకు మరియొకటి లేదు.

రెండవది. ఆ గృహములో కొన్ని చోట్లు మన కులమునకు చెందని పేద బాలికలకు, ముఖ్యముగా నగరమున తలుపులు మూయబడుచున్న వర్గముల బాలికలకు, నియమముగా కేటాయింపవలయును. ఈ మాటకు మనలో కొందరు అభ్యంతరము చెప్పుదురని మేమెరుగుదుము. మన డబ్బు, మన స్థలము, మన బిడ్డలకే చాలనప్పుడు పరులకేల యని వారి వాదము. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. చీరకు చీర చేర్చి కూడబెట్టిన సొమ్ము అది. కాని వారమిచ్చిన గృహస్థులును ఈ వాదమునే చేసియుందురు. తన పంక్తివానికి తాను పెట్టుట న్యాయమే; అట్లు పెట్టిన మంచివారందరి న్యాయము కలసి మన తాతలకు పట్టణములో పిడికెడు అన్నము లేకుండ చేసినది. ఆనాడు గోడ కావల నిలిచినది మనము. నేడు గోడ మన చేతిలో నున్నది. కొల్హాపురమున కులమును మెట్టుగా వాడిరి. దానిని మనము గోడగా కట్టరాదు. పదింట ఒక చోటు పరుల బిడ్డకిచ్చినచో మన బిడ్డలు తొమ్మిదిమంది మరియొక యింటి పిల్లతో కలసి తిని, కలసి చదివి, విశాలమైన మనస్సుతో ఇల్లు చేరుదురు.

మూడవది. కట్టుటకంటె నడుపుట కష్టము. ద్రావిడ గృహము సదుద్దేశము లేక మూతపడలేదు. ధనము లేక మూతపడినది. శిలాఫలకమునకు విరాళమిచ్చు దాతలు మనలో గలరు. నెలనెల వంటసరకునకు, నీటికి, కాపలాకు, కప్పు మరమ్మతునకు ఇచ్చువారు తక్కువ. కట్టడపు నిధికి వేరుగా నిర్వహణ నిధి యుండవలయును. జమాఖర్చు ప్రతి మహాసభలో చదువవలయును. ఆ గృహమున ఉండి చదువుకొని ఉద్యోగము పొందిన ప్రతి బాలికయు తన మొదటి జీతమునుండి మరియొక బాలికకు ఒక నెల భోజనము పెట్టవలెనని సంప్రదాయము నెలకొల్పవలయును. పన్నెండుగురు అట్లు చేసినచో ఒక పిల్ల సంవత్సరము గడచును. ఇది వారములు చెప్పుకొనుటయే. ఏడిండ్లకు బదులు పన్నెండిండ్లు, కులపు పంక్తికి బదులు చదువుకొన్నవారి పంక్తి.

సోదరసోదరీమణులారా! మన కులమువారు తరతరములుగా లోకమునకు బట్టనిచ్చి మానము కాపాడినవారు. నేసినవాడు తన బట్టను కట్టువాని కులమడిగి యెన్నడును అమ్మలేదు. మన గుణము అట్టిది. ఆ గుణమునకు తగినట్లుగానే మన గృహమును ఉండనిండు. ఈ మహాసభ యీ తీర్మానమును ఏకగ్రీవముగా అంగీకరించి, వచ్చు సంవత్సరము విద్యారంభము నాటికి మొదటి బాలిక పెట్టె పట్టుకొని ఆ గడప దాటునట్లు చేయునుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.